హుకుం, ఇస్పేటు ఒకటే ముక్క

ప్రశ్న: మాది నర్సంపేట. నన్ను భీమవరం వాళ్లింటికిచ్చారు. దసరాకు మా ఇంట్లో అందరం కూర్చొని రమ్మీ ఆడుతుంటే మాటల దగ్గరే తగువొచ్చింది. మా తాత ముక్కలను పత్తాలంటడు. హుకుం, పాన్, ఈంట్, చిడీ అంటడు. మా అత్తగారింటి వాళ్లు ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అంటారు. "మీది ఉర్దూ, మాది అచ్చ తెలుగు" అని మా మరిది వాదన. ఆఠీను 'ఆట' నుంచి, కళావరు 'కళ' నుంచి పుట్టాయని కూడా చెప్పాడు. నిజమేనా? లైఫు, స్కూటు, తురుపు అనే మాటల అర్థం కూడా చెప్పండి. తాతకు ఎనభై దాటినయి. ఆయన ఆట మాటలన్నీ రాసిపెట్టాలని ఉంది. ఎట్లా మొదలుపెట్టాలి?

సమాధానం: అమ్మా, ముందు తగువు తెంపేద్దాం. ఆఠీను, కళావరు, ఇస్పేటు, డైమను, ఈ నాలుగింటిలో ఒక్కటీ అచ్చ తెలుగు కాదు. మొదటి రెండూ డచ్చివాళ్ల మాటలు. ఇస్పేటు మూలం వెతుక్కుంటూ పోతే ఇటలీ, స్పెయిన్ దాకా పోవాలి. డైమను ఇంగ్లీషుది. తాత చెప్పే నాలుగూ ఉర్దూ దారిన వచ్చాయి. రెండిళ్లలోనూ ఉన్నవి బయటి మాటలే, రెండిళ్లలోనూ అవి మన నోట్లో నలిగి నలిగి మనవే అయిపోయాయి. అందుకని ఏది సరైనదని కొట్లాడుకోవాల్సిన పని లేదు. ఏ మాట ఎవరి వెంట వచ్చిందని అడిగితే మాత్రం చెప్పడానికి చాలా ఉంది.

ఆఠీనుతో మొదలుపెడదాం. డచ్చి భాషలో ఎర్ర గుండె గుర్తు ముక్కలను హార్తెన్ అంటారు. గుండెలు అని అర్థం. మన నోటికి వచ్చేసరికి ముందున్న హకారం ఊడింది, హాస్పిటల్ ఆసుపత్రి అయినట్టే. పక్కపక్కనే ఉన్న ర, త రెండూ ఒరుసుకొని ఒక్క ట అయ్యాయి. చివర ఉకారం చేరింది. హార్తెన్ అట్లా ఆటీనయింది, కొన్ని నోళ్లలో ఒత్తు పడి ఆఠీనయింది. కళావరు ఇంకా తేలిక. డచ్చిలో క్లావర్ అంటే మూడేసి ఆకులుండే గడ్డిమొక్క. మన దగ్గర పాడి పశువులకు వేసే బర్సీమ్ ఆ జాతిదే. ముక్క మీది నల్ల గుర్తును చూడండి, మూడు రెబ్బలు, కింద కాడ. అది ఆ ఆకు బొమ్మే. గ్లాసు గిలాస అయినట్టు, క్లావర్‌లో క-ల మధ్య ఒక అచ్చు దూరి కళావరు అయింది.

దీనికి రుజువేమిటని మీ మరిది అడుగుతారు, అడగాలి కూడా. రుజువు సింహళంలో ఉంది. శ్రీలంక తీరప్రాంతం 1658 నుంచి 1796 దాకా డచ్చివాళ్ల కింద ఉంది. పేకలో రంగు అంటే ఒకే గుర్తున్న ముక్కల జట్టు. సింహళంలో నాలుగు రంగుల పేర్లూ డచ్చివే: హారత, కలాబర, రుయిత, ఇస్కోప్ప. వాళ్ల హారత పక్కన మన ఆఠీనును, వాళ్ల కలాబర పక్కన మన కళావరును పెట్టి చూడండి. ఒకే మాట రెండు నోళ్లలో రెండు రకాలుగా అరిగింది. కన్నడంలో, తమిళంలో కూడా ఈ రెండింటికి దగ్గరి రూపాలే వాడుతారు. కళావరు మన 'కళ' నుంచే పుట్టి ఉంటే, కళతో పనిలేని సింహళీయుల నోట కలాబర ఎట్లా వచ్చింది? ఇక ఆఠీను 'ఆట' నుంచి పుడితే, నాలుగు రంగులతోనూ ఆడేది ఆటే కదా, గుండె గుర్తు ఒక్కదానికే ఆ పేరు ఎందుకు పడింది? చివర 'ఈను' ఎక్కడిది? పుట్టుక చెప్పేవాళ్లు మాటలో సగాన్ని మాత్రమే వివరించి మిగతా సగాన్ని వదిలేస్తే ఆ పుట్టుక నిలవదు.

డచ్చివాళ్లు మనకెక్కడ తగిలారంటే, 1605లోనే మచిలీపట్నంలో దిగారు. అప్పుడది గోలకొండ రాజ్యపు రేవు. మీ అత్తగారి ఊరికి దగ్గరలోని పాలకొల్లులో వాళ్ల వర్తకస్థానం ఉండేది. తెలంగాణలోనూ ఉండేది: ఖమ్మం వైపు నాగులవంచలో 17వ శతాబ్దంలో బట్టలు, నీలిమందు కొన్నారు. 1824 ఒప్పందంతో ఇక్కడి స్థానాలు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. మనుషులు పోయినా రెండు ముక్కల పేర్లు మాత్రం మిగిలాయి.

ఇప్పుడు కళావరు గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే ఇక్కడ ఇంగ్లీషు కన్నా తెలుగే బొమ్మకు దగ్గరగా ఉంది. ఆ ముక్కను ఇంగ్లీషువాళ్లు క్లబ్స్ అంటారు. క్లబ్ అంటే దుడ్డుకర్ర. మూడాకుల బొమ్మలో కర్ర ఎక్కడుంది? లేదు. సంగతేమంటే, ఐరోపాకు పేక ఈజిప్టును ఏలిన మామ్లూకు సుల్తానుల వైపు నుంచి పోయింది. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్యాలెస్‌లో పాత మామ్లూకు పేక ఒకటి ఉంది. అందులోనూ నాలుగు రంగులే: గిన్నెలు, నాణేలు, కత్తులు, చౌగాన్ కర్రలు. చౌగాన్ అంటే గుర్రమెక్కి ఆడే పోలో. ఆ ఆట తెలియని ఇటలీ, స్పెయిన్ వాళ్ల చేతిలో చౌగాన్ కర్ర ఉత్త కర్ర అయింది. తర్వాత ఫ్రెంచివాళ్లు అచ్చు వేయడానికి తేలికైన గుర్తులు తయారు చేసుకున్నారు: గుండె, పలక, మూడాకు, ఈటె మొన. ఇంగ్లీషువాళ్లు బొమ్మలు ఫ్రెంచివాళ్ల దగ్గర తీసుకొని, నల్ల ముక్కల పేర్లు మాత్రం స్పెయిన్, ఇటలీల పాత పేకవే ఉంచుకున్నారు. అందుకే బొమ్మ ఆకు, పేరు కర్ర. డచ్చివాళ్లు బొమ్మను చూసి పేరు పెట్టారు, మనం వాళ్ల పేరు తీసుకున్నాం.

ఇస్పేటుదీ ఇదే కథ. స్పానిష్‌లో ఎస్పాద, ఇటాలియన్‌లో స్పాద అంటే కత్తి. ఇంగ్లీషు స్పేడ్ అక్కడినుంచే వచ్చింది. కానీ ముక్క మీద ఉన్నది ఫ్రెంచివాళ్ల ఈటె మొన. ఇంగ్లీషులో మట్టి తవ్వే పారను కూడా స్పేడ్ అంటారు కాబట్టి, ఇస్పేటును 'పార ముక్క' అని అనువదించినవాళ్లున్నారు. అది తప్పు. ముందు ఇకారం మన అలవాటు: స్కూలు ఇస్కూలు, స్టేషను ఇస్టేషను, స్పేడు ఇస్పేటు. కన్నడం వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి మొత్తం పేకాటనే ఇస్పీటు అంటారు.

ఇంట్లో పేక ఉంటే ఇస్పేటు ఆసు తీసి చూడండి. మిగతా మూడు ఆసుల మీద చిన్న గుర్తు ఒక్కటే ఉంటుంది. దీని మీద మాత్రం పెద్ద గుర్తు, చుట్టూ లతలు, చాలా పేకల్లో కంపెనీ పేరు. ఇంగ్లండులో పేక మీద పన్ను ఉండేది. 1765 నుంచి ఇస్పేటు ఆసును ప్రభుత్వ స్టాంపు ఆఫీసే అచ్చు వేసేది. అది ఉంటే పన్ను కట్టినట్టు లెక్క. 1862లో ఆ పద్ధతి తీసేశారు, ముద్రలోని ఆర్భాటం అట్లాగే ఉండిపోయింది.

తాత మాటలకు వద్దాం. ఇవి ఒక్కటి తప్ప అన్నీ కంటితో పెట్టిన పేర్లు, అందుకే మాకు ఇవంటే ప్రత్యేకమైన ఇష్టం. పాన్ అంటే తమలపాకు. తొడిమ పైకి, మొన కిందికి పట్టుకుంటే గుండె గుర్తు తమలపాకే. ఈంట్ అంటే ఇటుక. ఎర్రగా, నాలుగు మూలలతో ఉన్న ముక్కను చూసి ఫ్రెంచివాళ్లు నేల మీద పరిచే పలక అన్నారు, ఉర్దూవాళ్లు ఇటుక అన్నారు, ఇంగ్లీషువాళ్లకు వజ్రం కనిపించింది. చిడీ, చిడియా అంటే పిట్ట. మూడు రెబ్బలను పిట్ట అడుగు గుర్తుతో పోల్చి చెబుతారు. హుకుం ఒక్కటే బొమ్మను బట్టి వచ్చింది కాదు. హుకుం అంటే ఆజ్ఞ. ఆటను శాసించే రంగును కూడా హుకుం అనే అంటారు. ఇక్కడే గందరగోళం: "హుకుం ఏంది?" అని ఎవరైనా అడిగి "పాన్" అని జవాబొస్తే, అక్కడ హుకుం అంటే తురుపు. "హుకుం ఎక్కా ఎయ్" అంటే ఇస్పేటు ఆసు. తాత నోట ఈ మాట వచ్చిన ప్రతిసారీ రెండింటిలో ఏదో పక్కన రాసుకోండి. రాయకపోతే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థం కాదు.

తాతకు ఉర్దూ మాటలు, భీమవరానికి డచ్చి, ఇంగ్లీషు మాటలు రావడానికి కారణం పాలన. నిజాం రాజ్యంలో 1880ల నుంచి 1948 దాకా కచేరీల భాష ఉర్దూ. దస్తావేజు, మున్షీ, జమాబందీ వచ్చిన దారినే పాన్, ఈంట్ వచ్చాయి. కోస్తాలో ముందు డచ్చివాళ్లు, తర్వాత ఇంగ్లీషువాళ్లు. నైజాం, కోస్తా అనే తేడా ఆట ముక్కల్లో కూడా చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

అయితే తురుపు దగ్గరకొచ్చేసరికి రెండిళ్లూ ఒకటైపోతాయి. ఆజ్ఞ చెలాయించే రంగును డచ్చిలో ట్రూఫ్ అంటారు. తెలుగులో తురుపు, తురఫు. ఉర్దూలో తురుప్. దాని వెనుక లాటిన్‌లో విజయం అనే అర్థమున్న త్రియుంఫస్ ఉంది. 15వ శతాబ్దంలో ఇటలీలో త్రియోన్ఫి అనే పేకాట ఉండేది, అందులో కొన్ని ముక్కలు మిగతా అన్నింటినీ కొట్టేవి. ఇంగ్లీషు ట్రంప్ కూడా ఆ ఇంటిదే. అర్థం కచ్చితంగా చెప్పాలంటే: తురుపు రంగులో రెండు కూడా వేరే రంగు ఆసును కొడుతుంది. కానీ మీ చేతిలో ఆడుతున్న రంగు ముక్క ఉన్నంతసేపు ఆ రంగే వేయాలి. అది అయిపోయాకే తురుపు వేయవచ్చు. పత్రికల్లో 'తురుపు ముక్క' అని రాసినప్పుడు ఉద్దేశం ఇదే, సమయం కోసం దాచిపెట్టుకున్న బలం.

అంకెల ముక్కల పేర్లు తాత దగ్గర తప్పకుండా చెప్పించుకోండి. ఎక్కా, దుగ్గీ, తిగ్గీ, చౌకా, పంజా, ఛక్కా, సత్తా, అట్ఠా, నహ్లా, దహ్లా అని క్రమం. కొందరు దుర్రీ, తిర్రీ అంటారు. ఆ తేడా కూడా విలువైనదే, సరిదిద్దకండి. క్రికెట్‌లో సిక్సరును ఛక్కా అనడం అందరికీ తెలుసు. 'నహ్లే పే దహ్లా' అంటే తొమ్మిది వేస్తే దాని మీద పది వేయడం, ఒకరు ఒకటంటే ఇంకొకరు దాన్ని మించింది అనడం. కోస్తావాళ్ల ఆసులో ఒక చిన్న ఆనవాలుంది. లాటిన్‌లో అస్ అంటే ఒకటి, ఒక నాణెం. ఫ్రెంచిలో పాచిక మీది ఒకటికి, తర్వాత ముక్క మీది ఒకటికి ఆ పేరు పడింది. ఇంగ్లీషువాళ్లు ఏస్ అని పలుకుతారు. మనం ఏసు అనం, ఆసు అంటాం. డచ్చివాళ్లు ఆస్ అనే పలుకుతారు. చెవికి ఇంగ్లీషు కన్నా డచ్చే దగ్గర.

బొమ్మ ముక్కల్లో బాద్షా, బేగం, గులాం తాతవి. రాజు, రాణి, జాకీ మీ అత్తగారింటివి. జాకీని ఇంగ్లీషులో ముందు నేవ్ అనేవారు. ఆ మాటకు మొదటి అర్థం కుర్రాడు, పనివాడు. ముక్కల మూలల్లో అక్షరాలు అచ్చు వేయడం మొదలయ్యాక, రాజుకు (కింగ్) వేసే కె అక్షరమే నేవ్ స్పెల్లింగులోనూ ముందు రావడంతో ఆటలో పొరపాట్లు జరిగాయి. అందుకే 1860ల నుంచి జాక్ అనే పేరు స్థిరపడింది. జాక్ అనేది మామూలు మనిషి పేరు, మన ఎల్లయ్య, మల్లయ్య లాగా. బండి లేపే జాకీ, గుర్రమెక్కే జాకీ కూడా ఆ పేరు చుట్టూ పుట్టినవే. ఇంతకన్నా దగ్గరి చుట్టం మన మండలాఫీసులో ఉంది. మామ్లూకు పేకలో రాజు తర్వాతి ముక్క నాయిబ్, అంటే రాజు తరఫున పనిచేసేవాడు. నాయబ్ తహసీల్దార్‌లోని నాయబ్ అదే. దాని బహువచనం నుంచే నవాబు వచ్చింది. స్పానిష్‌లో ఇప్పటికీ పేకను నైపెస్ అనేది ఆ నాయిబ్ వల్లనే.

మన రమ్మీ మాటల మూలం గురించి ఎక్కువ వెతకాల్సింది లేదు, దాదాపు అన్నీ ఇంగ్లీషే. తగువులు మాత్రం అర్థం దగ్గర వస్తాయి. లైఫు అంటే జోకరు (ఏ ముక్కకు బదులైనా పెట్టుకోగలిగే ముక్క) సాయం లేకుండా ఒకే రంగులో వరసగా పడిన మూడు గాని అంతకన్నా ఎక్కువ గాని ముక్కలు: ఆఠీను ఐదు, ఆరు, ఏడు. ఇది పడితేనే ఆట బతికినట్టు, పడకపోతే చేతిలోని 13 ముక్కలూ లెక్కకొస్తాయి, అందుకే ఆ పేరు. రెండో వరసలో జోకరు పెట్టుకోవచ్చు. ఎక్కువ గొడవ వచ్చే చోటు ఇది: కట్ట కోసి తీసిన ముక్క ఏ అంకెదైతే ఆ అంకె ముక్కలన్నీ ఆ ఆటకు జోకర్లే. అట్లా కోసిన జోకరు ఏడు అనుకుందాం. మీ చేతిలో ఆఠీను ఐదు, ఆరు, ఏడు ఉన్నాయి. ఏడు జోకరే కదా, ఇది లైఫు కాదని ఎదుటివాళ్లంటారు. అది లైఫే. ఆ ఏడు తన రంగులో తన చోటులోనే కూర్చుంది, ఇంకో ముక్కకు బదులుగా కూర్చోలేదు. ఆఠీను ఐదు, ఆరు పక్కన ఇస్పేటు ఏడు పెడితే మాత్రం అది జోకరుగా వాడినట్టే, లైఫు కాదు.

స్కూటు అంటే ఇంగ్లీషు వాడుకలో పారిపోవడం, పేకలో ఆ ఆట వదిలేసి ముక్కలు దించేయడం. 101 ఆటలో, అంటే లెక్క 101కి చేరినవాళ్లు బయటికి పోయే ఆటలో, ముక్క ఎత్తకముందే దించేస్తే 20, మధ్యలో దించితే 40, మొత్తం పడితే 80. 201 ఆటలో మొదటి స్కూటు 25, మధ్య స్కూటు 50. ఆసు, బొమ్మలు ఒక్కొక్కటి 10, మిగతావి వాటి అంకెను బట్టి, జోకర్లకు సున్న. తప్పు షో పెట్టినవాళ్లకు 80 పూర్తిగా. జోకరు చాలా కొత్త ముక్క, 1860ల్లో అమెరికాలో యూకర్ అనే ఆటకు అన్నింటికన్నా పెద్ద తురుపుగా చేర్చారు. గంజీఫా అనే పాత గుండ్రటి ముక్కల ఆటలో గాని, మామ్లూకు పేకలో గాని అది లేదు.

తాత మూడు పత్తాలాట మాటలు కూడా చెబుతారేమో. బ్లైండు అంటే ముక్కలు చూడకుండా ఆడటం. చాల్ అంటే చూసి ఆడటం, ఉర్దూలో నడక, ఎత్తు అని అర్థం. చూసినవాళ్లు బ్లైండువాళ్లకు రెట్టింపు వేయాలి. ఫ్లష్ లాటిన్‌లో ప్రవాహం అనే మాట నుంచి వచ్చింది, ఒకే రంగు ఏకధారగా పడటం. మాటలు రాసుకోవడానికి డబ్బు అక్కర్లేదు, గింజలు పెట్టి ఆడించండి. రమ్మీ మూడు ముక్కలాటలాగా ఉత్త అదృష్టపు ఆట కాదని, పడిన ముక్కలను గుర్తు పెట్టుకొని ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకునే నేర్పు కావాలని 1967లో సుప్రీంకోర్టు ఒక సికింద్రాబాద్ క్లబ్బు కేసులో చెప్పింది. అయినా 1974 గేమింగ్ చట్టానికి 2017లో చేసిన సవరణల తర్వాత తెలంగాణలో పందెం పెట్టి రమ్మీ ఆడితే, ఆన్‌లైన్‌లో ఆడినా సరే, కేసు పడుతుంది.

ఇక రాసిపెట్టే పని. తాతను కూర్చోబెట్టి "మీ కాలంలో ఏమనేవాళ్లు?" అని అడగకండి. అట్లా అడిగితే ఆలోచించి, మీకు అర్థమయ్యే మాటే చెబుతారు. పేకలోంచి ఒక రంగు 13 ముక్కలు తీసి క్రమం లేకుండా కలిపి, ఒక్కొక్కటి ఆయన ముందు వేయండి. చూడగానే నోటికొచ్చిన పేరే రాయండి. ఫోన్‌లో రికార్డింగు పెట్టుకోండి, ముక్క వేసేముందు మీరు దాని అంకెను, రంగును మెల్లగా పలకండి: "ఎర్ర నాలుగు మూలల గుర్తు, తొమ్మిది." లేకపోతే తర్వాత వినేటప్పుడు ఏ ముక్కకు ఏ పేరో తెలియదు. మీరు ఈంట్ అనే పేరు ముందే అందించకూడదు, గుర్తును మాత్రం చెప్పాలి. రోజుకు ఒక రంగు చాలు, ఎనభై దాటిన మనిషికి నలభై నిమిషాలు మించితే అలసట, అలసిన నోట కొత్త మాటలు రావు.

రెండో విడత ఆడిస్తూ వినండి. పేర్ల కన్నా క్రియలు ముందు మాయమవుతాయి, వాటి మీదే మా దృష్టి ఎక్కువ. కలుపుడు, కోసుడు, పంచుడు, ఎత్తుడు, ఏసుడు, కొట్టుడు: ఒక్కోదానికి చేతులు ఏం చేస్తున్నాయో చూసి రాయండి. కోసుడు అంటే కలిపిన కట్టను ఎడమ పక్కవాళ్లు రెండుగా విడదీయడమా, కుడి పక్కవాళ్లా? జోకరును ఎవరు తీస్తారు? ఒక దఫా గెలుచుకున్న ముక్కలను సర్ అంటారా? వరసగా రెండు గెలిస్తేనే ఎత్తుకునే ఆటను డబుల్ సర్ అంటారు, ఆయనకు తెలుసేమో చూడండి.

ప్రతి మాటకు ఒక కాగితం ముక్క పెట్టండి. మాదిరికి ఇట్లా ఉంటే చాలు: "దహ్లా. పది అంకె ముక్క, నాలుగు రంగులకూ. తాత, నర్సంపేట, చిన్నప్పుడు వాళ్ల మేనమామ దగ్గర నేర్చుకున్నడు. 'దహ్లా నా దగ్గరుంది, నువ్వు నహ్లా ఎందుకేసినవ్?' ఆడుతూ అన్నడు." అర్థం, చెప్పినవాళ్లు, ఎక్కడ నేర్చుకున్నారు, ఆయన నోటి వాక్యం ఒకటి. పుట్టుక రాసే గడి పెట్టకండి. అది తర్వాతి పని, ముందే పెడితే ఊహతో నింపబుద్ధి అవుతుంది.

తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెబుతాం. మన వైపు ఈంట్‌లోని సున్న చాలాసార్లు వినిపించదు, 'ఈట్' అనే వినిపిస్తుంది. దాన్ని ఈటె అని రాసుకుంటే మాట నల్ల ముక్కకు పోతుంది, ఎందుకంటే ఈటె మొన ఇస్పేటు గుర్తు. పత్తా దగ్గర ఇంకో గుంత. ముక్క అనే అర్థంలో పత్తా ఆకు, సంస్కృత పత్రం నుంచి వచ్చింది. "రెండు రోజుల నుంచి పత్తా లేడు" అన్నప్పటి పత్తా ఉర్దూ పతా, జాడ, చిరునామా. రెండూ వేర్వేరు మాటలు. మీ వరంగల్లోనే కొత్తవాడ జంపఖానాల మగ్గాల దగ్గర పేక అంటే పడుగుకు అడ్డంగా వేసే నూలు. నేతలో ఆసు అనే సాధనమూ ఉంది. పేకలో ఆసు, నేతలో ఆసు, ఇక్కడా పేక, అక్కడా పేక అని ఎవరైనా అందమైన కథ అల్లవచ్చు. ఒకేలా వినిపించే రెండు మాటలకు చుట్టరికం చెప్పాలంటే మధ్యలో మెట్టు చూపించాలి: ఒక పాత వాడుక, ఒక పక్కభాష రూపం, ఒక వర్తకం దారి. కళావరుకు సింహళం, మూడాకు బొమ్మ, పాలకొల్లు ఉన్నాయి. 'కళ'కు ఏమున్నాయి?

ఒక ప్రశ్న మాత్రం ప్రత్యేకంగా అడగండి: గుండ్రటి ముక్కలతో ఆడిన ఆట గురించి తాత ఎప్పుడైనా విన్నారా? నిర్మల్ కళాకారులు బొమ్మలతో పాటు గంజీఫా ముక్కలు కూడా చిత్రించేవాళ్లు. 1527లో బాబరు సింధుకు గంజీఫా పంపినట్టు తన దినచర్యలోనే రాసుకున్నాడు. మొఘలుల ఆటలో 8 రంగులు, రంగుకు 12 చొప్పున 96 ముక్కలు. దశావతార ఆటలో 10 రంగులు, 120 ముక్కలు. రంగుకు రాజు, మంత్రి, ఒకటి నుంచి పది. సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది. తాత ఆ ఆట ఆడి ఉండకపోవచ్చు, కానీ దాని మాట ఏదైనా పెద్దల నోట విని ఉంటే ఆ ఒక్క మాట మిగతా అన్నింటికన్నా అరుదైనది.

తాత పని అయ్యాక ఇదే పద్ధతిలో భీమవరంలో అత్తగారి వైపు అందరికన్నా పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టండి, మీ మరిదిని రికార్డింగు పట్టుకోమనండి. డైమను ముక్క వేసినప్పుడు కాస్త ఆగండి. సింహళంలో మిగిలిన రుయిత లాంటి పేరు మన తీరంలో వినిపించదు, ఆ చోటును ఇంగ్లీషు డైమను తీసేసుకుంది. ఏ ముసలమ్మ నోటనైనా ఆ ముక్కకు ఇంకో పాత పేరు వస్తే, ఎవరు, ఏ ఊరు, ఏ ఆటలో అన్నారో రాసి మాకు పంపండి.